లేదన్న ఒక్క మాట

డాక్టర్ కెజియా పదకొండేళ్లు కష్టపడి తయారుచేసిన ఆల్బుమిన్ మనిషి రక్తంలో ఎనిమిది నెలలు నిలిచేది. మన కాలేయం రోజూ తయారుచేసే మామూలు ఆల్బుమిన్ ఇరవై రోజులకే సగం అరిగిపోతుంది. ఆ రెండింటికీ ఉన్న తేడా ఎంతటిదో ఆమెకు విశాఖపట్నంలోని తన ప్రయోగశాలలో కంటే నరసాపురంలో, అక్క ఇంట్లోనే బాగా తెలిసింది.

అక్క పేరు మార్తమ్మ. కెజియా కంటే తొమ్మిదేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి కెజియాకు ఏడేళ్లు. ఆ తరవాత తల దువ్విందీ, బడికి పంపిందీ, లేసు అల్లి చదివించిందీ మార్తమ్మే. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లకు కొదవ లేదు. అయినా మార్తమ్మ అల్లిన అంచు చూస్తే ఇది ఫలానా ఆవిడ చెయ్యి అని పనివాళ్లు గుర్తుపట్టేవారు. పన్నెండో ఏట విషజ్వరం వచ్చి తగ్గాక ఆమెకు ఫిట్స్ మొదలయ్యాయి. రోజుకో మాత్ర వేసుకుంటే అవి దగ్గరికి వచ్చేవి కావు. ఆ మాత్రతోనే పెళ్లయింది, ఇద్దరు కొడుకుల్ని పెంచింది, ముప్పై ఏడేళ్లు గడిచాయి.

నలభై తొమ్మిదో ఏట కాలేయం గట్టిపడిందన్నారు. ఎప్పుడో వచ్చి పోయిందనుకున్న కామెర్లు లోపల పని చేసుకుంటూనే ఉన్నాయట. కాలేయం ఆల్బుమిన్ తయారుచేయడం తగ్గించేసింది. రక్తంలో నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచేది ఆల్బుమిన్. అది తగ్గితే నీరు బయటికి ఊరుతుంది. మార్తమ్మ కాళ్లు స్తంభాల్లా వాచాయి. పొట్ట నిండు నెలల మనిషి పొట్టలా పెరిగింది. పదిహేను రోజులకోసారి ఆసుపత్రికి వెళ్లి నీరు తీయించుకుని, ఆల్బుమిన్ సీసా ఎక్కించుకుని వచ్చేది. పది రోజులు బాగుండేది. పదకొండో రోజు చెప్పులు మళ్లీ పట్టేవి కావు.

ఒకసారి సీసా ఎక్కుతుండగా కెజియా పక్కనే కూర్చుంది.

“ఏంటే ఇది, తేనెలాగుంది?” అంది మార్తమ్మ.

“ఆల్బుమిన్ అక్కా. రక్తదానం చేసినవాళ్ల రక్తంలోంచి తీస్తారు.”

“ఇది లోపలికెళ్లి ఏం చేత్తాది?”

కెజియా కాస్త ఆలోచించింది. “మన రేవులో పంటు ఉంది కదా. ఈ ఒడ్డున జనాన్నీ, మోటారుసైకిళ్లనీ, మేకల్నీ ఎక్కించుకుని ఆ ఒడ్డున దింపుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అలాంటిది. కొవ్వుని మోస్తుంది, పసరుని మోస్తుంది, నువ్వు వేసుకున్న మాత్రని మోస్తుంది. పంటు మీద ఉన్నంతసేపూ మాత్ర ఏ పనీ చెయ్యదు. దిగాకే పని.”

“ఐతే మీ లేబులో నువ్వు చేసేది కొత్త పంటు అన్నమాట.”

“తొందరగా పాడైపోని పంటు.”

“కానీ మరి బేగా చెయ్యి” అంది మార్తమ్మ నవ్వుతూ. “నీరు తీసినప్పుడల్లా ప్రాణం పోయి వత్తంది.”

మామూలు ఆల్బుమిన్‌లో రెండు చోట్ల చిన్న మార్పు చేసి, దాన్ని ఈస్టులో పెంచడం కెజియా కనిపెట్టింది. శరీరం దాన్ని అరగనివ్వకుండా మళ్లీ మళ్లీ రక్తంలోకి వదిలేది. ఆ మార్పు వల్ల ఇంకో గుణం కూడా వచ్చింది. అది మోసే సరుకును మామూలు దానికంటే గట్టిగా పట్టుకునేది. మందులతో కలిపి పరీక్షించి చూడడానికి ఆమె ఫిట్స్ మందునే ఎంచుకుంది. ఆ మందు ఆల్బుమిన్‌ను బాగా అంటిపెట్టుకుంటుంది కాబట్టి. అక్క వాడే మందు కూడా అదే కాబట్టి.

తుఫాను ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. రెండు రోజులపాటు విశాఖపట్నంలో ఎవరూ గడప దాటలేదు. ప్రయోగశాలలో పరీక్షకు పెంచే ఎలుకల గదికి మేత తెచ్చే వ్యాను రాలేదు, ఉన్న మేత మూటలు తడిసి బూజు పట్టాయి. మూడో రోజు పొద్దున్న మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి తలుపు తీసినవాడు సింహాచలం. పాతికేళ్లుగా ఆ గది చూసుకుంటున్న మనిషి. మధ్యాహ్నానికి కెజియా వచ్చేసరికి అతను ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు.

“అమ్మా, మూడో అరలో ఆరు పడిపోనాయి. కాళ్లు తేలేసి, కళ్లు గిరగిరా తిప్పుతా ఉన్నాయి. సచ్చిపోతాయనుకున్నాను. టీ కొట్టులో బన్నులు దొరికితే తెచ్చి, పంచదార నీళ్లలో నానబెట్టి నోట్లో ఎట్టినాను. ఇప్పుడు లేచి తిరుగుతన్నాయి సూడండి.”

కెజియా చూసింది. ఆరూ తిరుగుతున్నాయి. రెండు మాత్రం నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరుగుతున్నాయి.

“గాలికి బెదిరిపోయుంటాయి సింహాచలం. తుఫానంటే మాటలా.”

“అన్నీ అదే గాలి ఇన్నాయి కదమ్మా” అన్నాడు సింహాచలం. “మిగతా అరల్లోవి ఆకలికి కొట్టుకుంతన్నాయి గాని ఒక్కటీ పడలేదు.”

మూడో అరలో ఉన్నవి కొత్త ఆల్బుమిన్‌తోపాటు ఫిట్స్ మందు కూడా తీసుకుంటున్న ఎలుకలు. అది కెజియాకు తెలుసు. సింహాచలానికి తెలియదు. ఆమె తన గదికి వెళ్లింది. మరో పది రోజుల్లో మనుషుల మీద పరీక్షకు అనుమతి కోరుతూ కాగితాలు పంపాలి. అవి ఇప్పుడు వెళ్లకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆ నెలలో అక్కకు రెండుసార్లు నీరు తీశారు. రెండోసారి తీసినప్పుడు బీపీ పడిపోయి ఆరు గంటలసేపు మనిషి మాట్లాడలేదు.

తుఫాను వల్ల దెబ్బతిన్న జంతువులని రాసి ఆ ఆరు ఎలుకల్నీ లెక్కలోంచి తీసేసింది. రాస్తున్నప్పుడు తాను అబద్ధం రాస్తున్నానని ఆమె అనుకోలేదు. తరవాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అదే ఆమెను ఎక్కువ బాధపెట్టేది. ఆ మధ్యాహ్నం భోజనం కూడా మామూలుగానే చేసింది.

అనుమతి ఏప్రిల్‌లో వచ్చింది. మొదటి విడతలో పద్దెనిమిది మంది రోగులు. పరీక్ష నడిపే కాలేయ వైద్యుడు డాక్టర్ పద్మాకర్ ప్రతి మనిషి కాగితమూ తానే చదివే రకం. మార్తమ్మ కాగితం దగ్గర ఆగి కెజియాకు ఫోన్ చేశారు.

“మీ అక్కగారు ఫిట్స్ మందు వాడుతున్నారు. సొంత మనిషని కూడా ఒక ఇబ్బంది ఉందనుకోండి, దానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది. నా సందేహం ఈ మందు గురించే. ఎలుకల్లో దీంతో ఏమైనా తేడా కనిపించిందా?”

కెజియా ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

“లేదు” అంది.

జూన్‌లో మార్తమ్మకు కొత్త ఆల్బుమిన్ ఎక్కించారు. వారానికి పొట్ట తగ్గింది. పదిహేనో రోజున ఆసుపత్రికి వెళ్లాల్సిన అవసరం రాలేదు, ముప్పయ్యో రోజునా రాలేదు. రెండో నెలలో ఆమె ఫోన్ చేసి, “చెల్లీ, పాత చెప్పులు పట్టేసినియ్యే” అని ఏడ్చింది. బావ దానియేలు పడవలు కట్టే వడ్రంగి, మాటలు తక్కువ. అతను కూడా ఫోన్ తీసుకుని, “నీ రుణం తీర్చుకోలేనమ్మా” అన్నాడు.

మధ్యలో ఒక చిన్న విషయం జరిగింది. ఆగస్టులో మార్తమ్మకు రెండుసార్లు ఫిట్స్ తగిలాయి. కొన్ని సెకన్లే. కొత్త ఆల్బుమిన్ మందును గట్టిగా పట్టుకోవడంతో మెదడుకు అందాల్సినంత అందడం లేదు. స్థానిక డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు. నెల తరవాత మరోసారి పెంచాడు. రక్తంలో మందు చాలా ఎక్కువ చూపిస్తోందని పద్మాకర్ అడిగితే, “మోసే ఆల్బుమిన్ ఎక్కువగా ఉంది కదండీ, లెక్కకు అలాగే కనిపిస్తుంది. విడిగా తిరిగే మందు తక్కువే ఉంది” అని కెజియా చెప్పింది. ఆ రోజుకు అది నిజమే.

అక్టోబరు మొదటి ఆదివారం మార్తమ్మ వాళ్ల సంఘంలో కృతజ్ఞతా కూడిక. బాగయినందుకు సాక్ష్యం చెబుతానని మార్తమ్మ పాస్టరుగారికి మాటిచ్చింది. కెజియా శనివారం సాయంత్రం నరసాపురం చేరింది. వాకిట్లో అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఏంటక్కా, నీరసంగా ఉన్నావు?”

“ఏం లేదే. కొంచెం తల తిరుగుతంది” అంది మార్తమ్మ. మాట మెల్లగా, కొంచెం ముద్దగా వచ్చింది.

సాక్ష్యం కోసం తామిద్దరూ ఉపవాసం ఉన్నామని ఆమె చెప్పలేదు. చెబితే డాక్టరు చెల్లెలు తిట్టి తినిపిస్తుందని భయం. రాత్రి అన్నాల దగ్గర కెజియాకూ పిల్లలకూ వడ్డించి, “మేం ఇందాకే తినేసేం” అంది. రైలు ప్రయాణం మరీ పెద్దది కాకపోయినా కెజియా అలసిపోయి ఉంది. ఆమె ఇంకేమీ అడగలేదు.

మరునాడు చర్చి నిండిపోయింది. పాటలయ్యాక పాస్టరుగారు మార్తమ్మను ముందుకు రమ్మన్నారు. ఆమె లేచి నడుస్తుంటే కాళ్లు ఎడంగా పడ్డాయి, పడవలో నడిచే మనిషిలా. మైకు పట్టుకుంది.

“సంఘానికి వందనాలు. నా పొట్ట... నాకు నీరు పట్టి... నా చెల్లెలు...”

కెజియా వైపు చూడబోయింది. చూపు నిలవలేదు. కనుగుడ్లు పక్కకు జారడం, వెనక్కి ఎగరడం, మళ్లీ జారడం మూడో వరసలో కూర్చున్న కెజియాకు స్పష్టంగా కనబడింది. మైకు కింద పడి పెద్ద చప్పుడు చేసింది. ఆ వెంటనే మార్తమ్మ పడింది.

అందరూ ఫిట్స్ అనుకున్నారు. ఎవరో తాళాలు తెచ్చి చేతిలో పెట్టబోయారు. కెజియా జనాన్ని తోసుకుని వెళ్లి అక్క తల ఒళ్లో పెట్టుకుంది. బిగుసుకోలేదు, కొట్టుకోలేదు. ఒళ్లంతా మెత్తగా జారిపోతోంది.

“బావా, ఎప్పుడు తింది అక్క?”

దానియేలు తల వంచుకున్నాడు. “గురువారం రాత్రి. ఇద్దరం మూడ్రోజులు ఉపవాసం అనుకున్నాం. మంచినీళ్లే తాగేం.”

ఆ మాటతో ఆమెకు మొత్తం తెలిసిపోయింది. ఒక్కొక్కటిగా కాదు, అంతా ఒకేసారి.

ఆసుపత్రి నాలుగు వీధుల అవతల ఉంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వేలికి సూది గుచ్చి చూసి, “షుగర్ బాగానే ఉందండి, ఎనభై ఎనిమిది” అన్నాడు.

“గ్లూకోజ్ పెట్టండి.”

“ఎందుకు మేడమ్? తగ్గలేదు కదా.”

“నేను చెబుతున్నాను, పెట్టండి. ఆగకుండా ఎక్కాలి.”

అతను ఆమె ముఖం చూసి పెట్టాడు. కెజియా మంచం పట్టె పట్టుకుని నిలబడింది. తిండి లేనప్పుడు శరీరం దాచుకున్న కొవ్వును కరిగించి రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వును మోసేది కూడా ఆల్బుమినే. మామూలు ఆల్బుమిన్ అయితే కొవ్వుకు కాస్త చోటిచ్చి, మందును కొద్దిగా వదిలేది. తాను చేసిన ఆల్బుమిన్ నాలుగు నెలలుగా మందును ఎక్కించుకుంటూ వచ్చింది, దాదాపు దించకుండా. మూడు రోజుల ఉపవాసంలో కొవ్వు వచ్చి పడేసరికి అన్నింటినీ ఒక్కసారి దించేసింది. ఆ మందంతా ఇప్పుడు అక్క మెదడులో ఉంది. గ్లూకోజ్ ఎక్కితే కొవ్వు కరగడం ఆగుతుంది. ఆల్బుమిన్ మళ్లీ మందును పట్టుకుంటుంది.

మూడు గంటల తరవాత కళ్లు ఎగరడం ఆగింది. సాయంత్రానికి మార్తమ్మ చెల్లెల్ని గుర్తుపట్టింది. కుర్ర డాక్టరు ఆనందంగా, “మీకు భలే తట్టింది మేడమ్. నేను గంటలు పోగొట్టేవాణ్ని” అన్నాడు.

ప్రాణం దక్కింది. చిన్నమెదడు దక్కలేదు. రెండు రోజులు తల తిరగడాన్నీ, మాట ముద్ద కావడాన్నీ ఉపవాసపు నీరసమని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఆ రెండు రోజుల్లోనే జరగాల్సింది జరిగిపోయింది. విశాఖపట్నంలో స్కాన్ తీసిన న్యూరాలజీ డాక్టరు నెల తరవాత చూద్దామన్నాడు, ఆరు నెలల తరవాత చూద్దామన్నాడు. ఆ తరవాత ఏమీ అనలేదు. మార్తమ్మ ఏదైనా అందుకోబోతే, దానికి దగ్గరవుతున్న కొద్దీ చెయ్యి వణికేది. గ్లాసు పట్టుకునేలోగా నీళ్లు ఒలికిపోయేవి. లేసు సూది చేతికిస్తే ముందు తన వేలికే గుచ్చుకుంది. ఇంకోసారి ఇవ్వబోతే వద్దని తల తిప్పుకుంది.

ప్రయోగశాలకు తిరిగి వెళ్లిన మొదటి రోజు కెజియా నేరుగా ఎలుకల గదికి వెళ్లింది. సింహాచలం గిన్నెలు కడుగుతున్నాడు.

“తుఫానప్పుడు పడిపోయిన ఆరింటి సంగతి నువ్వు పుస్తకంలో రాశావా?”

అతను చేతులు తుడుచుకున్నాడు. “రాసేనమ్మా. ఏ ఎలక, ఏ టయానికి పడింది, బన్ను తిన్న ఎంతసేపటికి లేచింది, అన్నీ రాసేను. మీరు సూడలేదేటి?”

“చూశాను.”

సింహాచలం కడిగిన గిన్నె అరలో పెట్టాడు. “అక్కగారు ఎలాగున్నారమ్మా?” అని మాత్రం అడిగాడు.

డైరెక్టరు ఆమె చెప్పిందంతా విని తలుపు మూసి వచ్చారు. “కెజియా, ఆరు ఎలుకలు. తుఫాను రోజు. నేనైనా తీసేసేవాణ్ని. మిగతా పదిహేడు మందీ చక్కగా ఉన్నారు. ఉపవాసం వద్దని కాగితంలో ఒక వాక్యం చేరుద్దాం. పాత సంగతి తవ్వడం దేనికి?”

“పద్మాకర్‌గారు నన్ను అడిగారు సార్. తేడా ఉందా అని సూటిగా అడిగారు. లేదన్నాను.”

“ఫోన్‌లో అడిగారు. రాసి ఉందా ఎక్కడైనా?”

“లేదు.”

“మరి?”

ఆమె సింహాచలం పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. అదే వారం కమిటీకి అంతా రాసి పంపింది. పరీక్ష ఆగిపోయింది. తయారైన సీసాలకు సీలు వేశారు. ఆమె ఉద్యోగం పోయింది, ఇక ఏ పరిశోధనా చేయరాదన్నారు. పద్మాకర్ కమిటీ గదిలోంచి బయటికి వస్తూ ఆమె ముందు ఒక్క క్షణం ఆగి, “మీరు చెప్పారు కాబట్టి నేను ఇంకెవర్నీ అడగలేదమ్మా” అని వెళ్లిపోయారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఒంట్లోకి వెళ్లిన ఆల్బుమిన్‌ను పూర్తిగా వెనక్కి తీసే మార్గం లేదు. ఎనిమిది నెలలూ గడవాల్సిందే. అప్పటిదాకా ఆ పదిహేడు మందీ కడుపు మాడ్చుకోకూడదు, కొత్త మందేదీ అడగకుండా వేసుకోకూడదు. ఆసుపత్రి వాళ్లు ఫోన్లు చేశారు. అది చాలదని కెజియా ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లింది. శ్రీకాకుళం నుంచి తుని దాకా బస్సుల్లో తిరిగింది. కొందరు టీ ఇచ్చారు. ఒకావిడ వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది. ఏం చెప్పినా జనం వినేది ఒక్కటే: రెండో సీసా ఇక రాదు.

అనకాపల్లిలో మస్తాన్ సాహెబు అనే రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. రంజాను మూడు నెలల్లో వస్తుంది. అప్పటికీ అతని ఒంట్లో ఆ ఆల్బుమిన్ ఉంటుంది. రోజా ఉపవాసం ఉండకూడదని ఆమె ఎంతో జాగ్రత్తగా, మాటలు కూడబలుక్కుని చెప్పింది.

“జబ్బు మనిషికి రోజా మాఫీయే అమ్మా, దానిదేముంది” అన్నాడాయన తేలిగ్గా. “నేనడిగేది వేరు. మందు వేసినాక నేను వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాను. రెండేళ్లయింది నేను వెల్లకిలా పడుకుని. నా మనవరాలు పొట్ట మీదెక్కి ఆడుకుంటోంది. మీరేమో ఇక లేదంటున్నారు. మీ అక్కగారికి పడలేదు, నిజమే, బాధాకరమే. నాకు పడింది కదా? నాకు ఫిట్స్ లేవు. నాకెందుకు ఆపేశారు?”

“నేను ఒక చోట దాచాను సాహెబుగారూ. ఇంకెక్కడేం దాచానో అని నా లెక్కల్ని ఎవరూ నమ్మరు. మళ్లీ మొదటినుంచీ వేరే ఎవరైనా చెయ్యాలి.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“ఏడెనిమిదేళ్లు.”

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆమె లేస్తుంటే, “మీరు ఆ రోజే చెప్పుంటే ఫిట్స్ ఉన్నవాళ్లని వదిలేసి మిగిలినవాళ్లకి ఇచ్చేవాళ్లు కదమ్మా” అన్నాడు. నింద వేసినట్టు కాదు, టిక్కెట్టు లెక్క సరిచూసినట్టు. పదమూడు నెలల తరవాత ఆయన పోయారని కొడుకు ఫోన్ చేసి చెప్పాడు.

ఇన్ని ఇళ్లలో చెప్పినా, కెజియా చెప్పని ఇల్లు ఒకటి మిగిలిపోయింది.

నరసాపురంలో వాళ్లకు తెలిసింది ఇంతే: మందు వికటించింది, పరీక్ష ఆపేశారు, చెల్లెలి ఉద్యోగం అందుకే పోయింది. ఉపవాసం వల్ల వికటించిందని డాక్టర్లు అన్నారు. దానిమీద చర్చిలో ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. సాక్ష్యం చెప్పబోయి పడిపోయిందంటే మనసులో ఏదో పాపం ఉండి ఉంటుందన్నారు కొందరు. ఆ మాటలు మార్తమ్మ చెవిదాకా వచ్చాయి. ఆమె చర్చికి వెళ్లడం మానేసింది.

మార్చిలో ఒక ఆదివారం కెజియా వెళ్లేసరికి మార్తమ్మ పెరట్లో కుర్చీలో కూర్చుని ఉంది. దానియేలు ఆమె జుట్టుకు నూనె రాస్తున్నాడు. రంపం పట్టే చేతులతో పాయలు తీయడం అతనికి చేతకావడం లేదు. మరదల్ని చూసి చేతులు తుడుచుకుని పక్కకు వచ్చాడు.

“నీకో మాట చెప్పాలమ్మా. ఎవరికీ చెప్పలేదు.” అతను గొంతు తగ్గించాడు. “ఒక్కరోజు చాలంది మీ అక్క. మూడ్రోజులు ఉందాం, అంత మేలు చేశాడు దేవుడు అని నేనే అన్నాను. శనివారం కాళ్లు తడబడుతుంటే కాసిని పాలు తాగుతానంది. ఒక్క పూటే కదా, ఓర్చుకో అన్నాను. నా చేతులతో నేనే చేసుకున్నాను. రోజూ ఇదే. దాని మొహం చూడలేకపోతున్నాను.”

కెజియా అతని వంక చూసింది. ఆరు నెలల్లో మనిషి సగమయ్యాడు. తాను నోరు మూసుకున్న ఆ ఆరు నెలలూ ఈ మనిషి తన బరువు మోశాడు.

“నువ్వు కాదు బావా” అంది. “రా, అక్క దగ్గర చెబుతాను.”

అక్క ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పింది. తుఫాను సంగతి, ఆరు ఎలుకలు, తిండి లేక పడిపోవడం, బన్ను ముక్కలు తిని లేవడం. కాగితాల్లోంచి తీసేసిన సంగతి. డాక్టరుగారు అడగడం, తాను లేదనడం. నీకు తొందరగా మందు అందాలని చేశానని అనబోయి, ఆ మాట నిజమైనా, దాన్ని మింగేసింది. చెప్పడం అయ్యాక దానియేలు వేపచెట్టు దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

మాట బయటికి రావడానికి మార్తమ్మకు ఇప్పుడు సమయం పడుతుంది. ఒక్కొక్క ముక్కా పెదాల దగ్గర ఆగి ఆగి వచ్చింది.

“ముందే... చెప్పుంటే... ఆ రోజు... తినేదాన్ని కదే.”

ఎండ కుర్చీ మీదికి వచ్చింది. మార్తమ్మ లోపలికి వెళ్లాలని రెండు చేతులూ కుర్చీ మీద ఆన్చి లేచింది. ఊగింది. కెజియా చప్పున లేచి చెయ్యి అందించింది. మార్తమ్మ ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. పక్కనున్న గోడకు అరచెయ్యి ఆనించి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, తలుపు దాకా తనే వెళ్లింది.